పట్టా ఒకరిది.. సాగు మరొకరిది
గీతకు ఇవతల ఉప్పునుంతల గిరిజన భూములు

ఉప్పునుంతల: అచ్చంపేట దాటి దక్షిణానికి వెళితే నల్లమల మొదలవుతుంది. అక్కడి షెడ్యూల్డ్ గ్రామాల్లో గిరిజనుడి భూమిని గిరిజనేతరుడు కొనడానికి వీల్లేదు. కొన్నా ఆ క్రయం చెల్లదు. అదే నాగర్‌కర్నూల్ జిల్లాలో, అదే అచ్చంపేట రెవెన్యూ డివిజన్‌లో, ఉత్తరాన ఉన్న ఉప్పునుంతల మండలంలోకి వస్తే ఆ రక్షణ వర్తించదు. దుందుభి వాగు పరీవాహకంలోని తండాల్లో ఉన్నది గిరిజనులే. వారి కష్టమూ కొండమీది వారి కష్టం వంటిదే. 1950లో గీసిన ఒక గీత మాత్రం వారిని అవతల వదిలేసింది.

గిరిజన భూముల ఆక్రమణ అనగానే 1/70 చట్టం గురించే చర్చ సాగుతుంది. సభల్లో, వినతిపత్రాల్లో, నాయకుల ప్రసంగాల్లో అదే వినిపిస్తుంది. అయితే ఆ చట్టం పేరుతో ఉప్పునుంతల తహసీల్దారు కార్యాలయానికి వెళ్లిన దరఖాస్తుకు దక్కే సమాధానం ఒక్కటే. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, వర్తించదు. ఆ సమాధానం అబద్ధం కాదు. కానీ దానితో దరఖాస్తును మూసివేయడం మాత్రం చట్టబద్ధం కాదు. మైదాన ప్రాంత గిరిజనుడి భూమిని కాపాడే చట్టాలు మరికొన్ని ఉన్నాయి. అవి అమలుకు నోచుకోకపోవడమే ఇక్కడి అసలు సమస్య.

పేరు ఒకటే.. ఊళ్లు రెండు

1950 డిసెంబరులో రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా నాటి హైదరాబాద్ రాష్ట్రంలోని షెడ్యూల్డ్ ప్రాంతాలను ప్రకటించారు. మహబూబ్‌నగర్ జిల్లా అచ్చంపేట తాలూకాలోని పలు గ్రామాలు, చెంచు పెంటలు ఆ జాబితాలో ఉన్నాయి. బల్మూరు, కొండనాగుల, మన్ననూరు, అమ్రాబాద్, మాచారం, సార్లపల్లి, అప్పాపూర్ వంటి పేర్ల నడుమ ఉప్పునుంతలను పోలిన పేరు కూడా ఒకటి కనిపిస్తుంది. దీన్ని చూపి మండల కేంద్రం షెడ్యూల్డ్ గ్రామమేనని వాదించవచ్చని అనిపించడం సహజం. జాబితాలో ఆ పేరు తిరుమలాపూర్, మాధవానిపల్లి, జంగంరెడ్డిపల్లి సరసన ఉంది. అవన్నీ అమ్రాబాద్ పీఠభూమి మీది ఊళ్లు. ఆ వరుసను బట్టి చూస్తే అది అమ్రాబాద్ మండలంలోని బి.కె.ఉప్పునుంతలే తప్ప మండల కేంద్రమైన ఉప్పునుంతల కాదని అర్థమవుతుంది. ఒకే పేరున్న రెండు ఊళ్లలో ఒకదానికి రాజ్యాంగం ఐదో షెడ్యూలు గొడుగు పట్టింది. రెండో ఊరు ఎండలోనే ఉంది.

ఆ గొడుగు బలం ఏమిటో చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు నిబంధన 1959లో వచ్చింది. 1963లో దాన్ని తెలంగాణ ప్రాంతానికి విస్తరించారు. 1970లో చేసిన సవరణే జనం నోట 1/70గా స్థిరపడింది. దీని ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనుడికో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప మరెవరికీ బదలాయించరాదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా ఇదే నియమం. అక్కడ గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం ముందుగా భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సిన భారం అనుభవదారుడిదే. ఈ సవరణ చెల్లుబాటును సుప్రీంకోర్టు 1988లో సమర్థించింది. 1997లో సమతా కేసు తీర్పుతో ఏజెన్సీలోని ప్రభుత్వ భూములను ప్రైవేటు గనుల సంస్థలకు లీజుకివ్వడం కూడా కుదరదని తేలిపోయింది.

ఉప్పునుంతలలో నిరూపణ భారం తలకిందులవుతుంది. భూమి తనదని, మోసపోయానని, వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో తెలియదని గిరిజనుడే చెప్పుకోవాలి. అప్పటికి అవతలి వ్యక్తి ఆ చేనులో బోరు వేసి, మామిడి మొక్కలు నాటి, కరెంటు కనెక్షన్ తన పేరిట తీసుకుని ఉంటాడు.

కొండమీద కూడా గొడుగుకు చిల్లులు లేకపోలేదు. 1940లలో అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య తిరిగిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ వారి జీవనంపై 1943లో పుస్తకం ప్రచురించారు. చెంచుల కోసం అడవిలో ప్రత్యేక రిజర్వు ఏర్పడటానికి ఆయన సూచనలు దోహదం చేశాయి. 1976 సవరణ చట్టం 1977లో అమలులోకి రావడంతో తెలంగాణలోని లంబాడాలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. ఇది వారికి న్యాయంగా దక్కాల్సిన గుర్తింపే. అయితే గిరిజనుడి నుంచి గిరిజనుడికి జరిగే బదలాయింపును 1/70 అడ్డుకోదు. వ్యవసాయంలో ఆరితేరిన తెగకు, నిన్నటి వరకు తేనె, గడ్డలు, వేటలతో బతికిన చెంచుకు మధ్య బేరం జరిగితే అది సమానుల బేరం కాదు. ఈ సున్నితమైన అంశాన్ని ఏ పార్టీ అయినా పైకి మాట్లాడటానికి ఇష్టపడదు. మాట్లాడనంత మాత్రాన చెంచుల చేతిలోని భూమి పెరగడం లేదు.

లావుణి పట్టా కథ

తండాలలో గిరిజనుల చేతికి భూమి వచ్చిన దారులు పలు రకాలు. తాత ముత్తాతల నుంచి వచ్చిన సొంత పట్టాలు కొన్ని. భూ సంస్కరణల చట్టం 1975లో అమలులోకి వచ్చాక మిగులు భూమిగా తేలి పేదలకు పంచినవి కొన్ని. 1951లో పోచంపల్లిలో పుట్టిన భూదానోద్యమం పుణ్యాన దక్కినవి మరికొన్ని. అడవి అంచున పోడు చేసుకుంటున్నవి వేరే. వీటన్నిటికంటే ఎక్కువ గొడవకు మూలమైనది ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి. ఊరి భాషలో అది లావుణి పట్టా.

లావుణి అనే ఒక్క మాటతో అన్నిటినీ ఒకే గాటన కట్టడానికి లేదు. 1958 జులై 25న వెలువడిన 1406 నంబరు జీవోతో తెలంగాణలో భూముల అసైన్‌మెంట్ నిబంధనలు మారాయి. ఆ తర్వాత ఇచ్చిన పట్టాలను వారసత్వంగా అనుభవించాలే తప్ప అమ్మరాదు. అంతకుముందు పాత నిబంధనల కింద మార్కెట్ ధర కట్టించుకుని ఇచ్చిన వాటికి ఈ షరతు ఉండకపోవచ్చు. అందుకే వివాదం వచ్చినప్పుడు మొదట చూడాల్సింది పట్టా తేదీ, దాని వెనుక ముద్రించిన షరతులు. ఇంట్లో ఇనప్పెట్టెలో మడతలు పడి చినిగిపోయిన ఆ కాగితం విలువ చాలామందికి తెలియదు. కొనుగోలుదారుడికి మాత్రం బాగా తెలుసు. అందుకే ముందుగా అతని చేతికి వెళ్లేది ఆ కాగితమే.

భూమి చేజారే తీరు దాదాపు అన్నిచోట్లా ఒక్కటే. వర్షాలు ముఖం చాటేసిన ఏడాది అప్పు మొదలవుతుంది. పాలమూరు కూలీ అంటే దేశమంతా తెలిసిన పేరు. కుటుంబం హైదరాబాద్‌కో, ముంబయికో, పుణెకో వలస వెళుతుంది. బీడు పడిన చేను పక్క రైతు కంట పడుతుంది. ఆడపిల్ల పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో చేతిబదులు తీసుకున్నప్పుడు తెల్లకాగితం మీద వేలిముద్ర పడుతుంది. పైకి అది కౌలు, లేదా భూమి తాకట్టు. నాలుగైదేళ్లు గడిచేసరికి ఆ కాగితమే సాదా బైనామాగా మారుతుంది. అసలు యజమాని ఊరికి తిరిగి వచ్చి చేనులో దిగబోతే, కొన్న భూమిలో నీకేం పని అన్న ప్రశ్న ఎదురవుతుంది. పెద్దమనుషుల పంచాయతీలో ఎంతో కొంత ఇప్పించి పంపేయడం ఆనవాయితీ. ఆ సొమ్ముతో చెల్లింది అప్పు మాత్రమే. పోయింది భూమి.

చట్టం దృష్టిలో ఈ తంతు మొత్తం చెల్లదు. అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం 1977 జనవరి 21 నుంచి అమలులో ఉంది. ఆ చట్టంలో బదలాయింపు అన్న పదానికి ఇచ్చిన నిర్వచనం చాలా విస్తృతమైనది. అమ్మకం, దానం, మార్పిడి మాత్రమే కాదు, స్వాధీనంతో కూడినదైనా కాకపోయినా ప్రైవేటు తాకట్టు, చివరికి కౌలు కూడా అందులోకి వస్తాయి. కొన్నవారికి ఎలాంటి హక్కూ సంక్రమించదు. కలెక్టరు గానీ, ఆయన అధికారమిచ్చిన తహసీల్దారు గానీ నోటీసు ఇచ్చి, ఆక్రమణదారును ఖాళీ చేయించి, భూమిని అసలు పట్టాదారుకు లేదా వారసులకు తిరిగి అప్పగించాలి. దీనికి సివిల్ కోర్టు గడప ఎక్కనవసరం లేదు. వకీలు ఫీజు అక్కరలేదు. తహసీల్దారు కలం కదిలితే చాలు.

ఇదే చట్టంలో గిరిజనులు తప్పక తెలుసుకోవాల్సిన మెలిక ఒకటుంది. ఒకసారి తిరిగి ఇప్పించిన భూమిని పట్టాదారు మళ్లీ బదలాయిస్తే ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుని వేరే నిరుపేదకు ఇవ్వవచ్చు. అంటే అవకాశం ఒక్కసారే. పైగా 2018లో తెలంగాణ ప్రభుత్వం చేసిన సవరణ ప్రకారం 2017 డిసెంబరు 31 నాటికి కొనుగోలుదారుడి స్వాధీనంలో ఉన్న అసైన్డ్ భూమిని, అతను కూడా భూమి లేని నిరుపేద అయితే, అతనికే తిరిగి అసైన్ చేయడానికి వీలు కలిగింది. పేదవాడి నుంచి కొన్న మరో పేదవాడిని వీధిన పడేయరాదన్నది దాని ఉద్దేశం. కానీ నిరుపేద ఎవరన్నది తేల్చేది మళ్లీ అదే కార్యాలయం. పదుల ఎకరాల ఆసామి తన జీతగాడి పేరిట దరఖాస్తు పెట్టించినా పసిగట్టగల యంత్రాంగం గ్రామస్థాయిలో ఉందా అన్నది ఆలోచించాల్సిన విషయం.

పహాణీలో గడి మాయం

యంత్రాంగం మాట వచ్చింది కనుక రికార్డుల సంగతి చూడాలి. తెలంగాణలో భూమి చరిత్ర సేత్వార్‌తో మొదలై 1954-55 ఖాస్రా పహాణీ, ఆ తర్వాత చెస్సాల పహాణీ మీదుగా ఏటేటి పహాణీల వరకు సాగుతుంది. ఏటా రాసే పహాణీలో పట్టాదారు గడి ఒకటి, అనుభవదారు గడి మరొకటి ఉండేవి. ఆ రెండో గడిలో పేరు ఎక్కించుకోవడమే ఆక్రమణకు తొలి మెట్టు. పట్వారీల కాలం నుంచి గ్రామ రెవెన్యూ అధికారుల కాలం దాకా ఆ గడి చుట్టూ సాగిన బేరాలు అందరికీ తెలిసినవే. వరుసగా కొన్నేళ్లు అనుభవదారుగా పేరు పడితే దానినే ఆధారంగా చూపి పట్టా కోసం అడుగు ముందుకు వేసేవారు.

2017 సెప్టెంబరులో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ రద్దయింది. అదే ఏడాది అక్టోబరు 29న ధరణి ప్రారంభమైంది. కొత్త పద్ధతిలో అనుభవదారు గడి కనిపించకుండా పోయింది. ఇది గిరిజన పట్టాదారుకు మేలు చేసిందా, కీడు చేసిందా అంటే రెండూ చేసిందనే చెప్పాలి. కబ్జాదారు పేరు రికార్డులోకి ఎక్కే దారి మూసుకుపోవడం మేలు. భూమి ఎవరి చేతిలో ఉందో ప్రభుత్వానికే తెలియకుండా పోవడం కీడు. పట్టాదారు పేరు పదిలంగా ఉంది, కాబట్టి సమస్యే లేదని కంప్యూటరు చెబుతుంది. చేను దగ్గరకు వెళితే తప్ప అసలు సంగతి బయటపడదు. వెళ్లాల్సిన ఉద్యోగి అప్పటికే ఊళ్లో లేడు.

2018 మే నెలలో మొదలైన రైతుబంధు దీనికి మరో చిక్కు జత చేసింది. పెట్టుబడి సాయం పట్టాదారు ఖాతాలో పడుతుంది. భూమి ఎవరు దున్నుతున్నారన్నది లెక్కలోకి రాదు. డబ్బు నువ్వు తీసుకో, చేను జోలికి రాకు అన్న రాజీకి ఇది వీలు కల్పించింది. సీజనుకు ఎకరాకు 4 వేల రూపాయలతో మొదలై 5 వేలకు, 2025 జనవరిలో రైతు భరోసాగా 6 వేలకు పెరిగిన ఆ సాయం పేద పట్టాదారుకు అయాచితంగా వచ్చిన సొమ్ములా కనిపిస్తుంది. రెండు పంటల కాలంలో చేను ఇచ్చే రాబడితో, పెరిగే భూమి విలువతో పోలిస్తే అది ఏపాటి? పాస్‌పుస్తకం, బ్యాంకు పుస్తకం రెండూ ఆసామి బీరువాలోనే ఉంటే ఆ మాత్రమూ దక్కదు.

భూమి విలువ ఇక్కడ పెరుగుతూనే ఉంది. హైదరాబాద్-శ్రీశైలం రహదారి చేరువలో ఉండటం, ఏదుల జలాశయం నుంచి డిండికి కృష్ణా నీటిని తరలించే ఎత్తిపోతల పనులు ముందుకు కదలడం ఇందుకు కారణాలు. నీరు వస్తుందన్న మాట వినపడగానే ముందుగా కదిలేది కాలువ కాదు, భూమి దళారి. నిన్నటి వరకు గుట్టలబోడు అని వదిలేసిన అసైన్డ్ చెలకకు నేడు కన్ను పడుతోందంటే ఆశ్చర్యం లేదు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో ఉన్నందున అసైన్డ్ భూమికి దస్తావేజు కాదు. అందువల్లే బేరమంతా తెల్లకాగితాల మీద, నోటి మాట మీద, ఊరి పెద్దల సాక్షిగా నడుస్తుంది. ప్రభుత్వం ఎప్పుడో ఒకప్పుడు క్రమబద్ధీకరిస్తుందన్న నమ్మకం దీనికి ఊపిరి. 2016లోనూ, 2020లోనూ సాదా బైనామాలకు దరఖాస్తులు తీసుకున్న తీరు చూసినవారికి ఆ నమ్మకం కలగడంలో వింతేమీ లేదు.

సివిల్ తగాదా అంటే సరిపోదు

బలవంతంగా చేనులోంచి వెళ్లగొట్టారని గిరిజనుడు ఠాణాకు వెళితే వినిపించే మాట సివిల్ తగాదా, కోర్టుకు పొండి అని. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 అలా చెప్పడం లేదు. 2015లో సవరించి 2016 జనవరి 26 నుంచి అమలు చేస్తున్న ఆ చట్టం మూడో సెక్షన్‌లో భూమికి సంబంధించి రెండు నేరాలు స్పష్టంగా ఉన్నాయి. షెడ్యూల్డ్ కులం లేదా తెగ వ్యక్తికి చెందిన, వారి స్వాధీనంలో ఉన్న లేదా వారికి కేటాయించిన భూమిని అక్రమంగా ఆక్రమించడం, సాగు చేయడం ఒకటి. ఆ భూమి నుంచి వెళ్లగొట్టడం, భూమి, అటవీ హక్కులు, సాగునీటి వసతులు అనుభవించకుండా అడ్డుపడటం, పంట ధ్వంసం చేయడం రెండోది. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు. ఇష్టానికి విరుద్ధంగా చేసినా, బెదిరించి ఒప్పించినా, రికార్డులు తారుమారు చేసినా అక్రమమే. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. భూమిని బాధితుడికి తిరిగి ఇప్పించే బాధ్యతను నిబంధనలు ప్రభుత్వంపైనే పెట్టాయి.

ఈ చట్టానికి షెడ్యూల్డ్ ప్రాంతమన్న గీత లేదు. అమ్రాబాద్‌లో ఎలా వర్తిస్తుందో ఉప్పునుంతలలోనూ అలాగే వర్తిస్తుంది. కేటాయించిన భూమి అన్న మాట ఉండటంతో లావుణి పట్టాలన్నీ దీని పరిధిలోకి వస్తాయి. ఆక్రమించిన వ్యక్తి కూడా ఎస్సీ లేదా ఎస్టీ అయితే మాత్రం ఈ చట్టం పనిచేయదు. అప్పుడు అసైన్డ్ భూముల చట్టమే దిక్కు.

భూమి తగాదా ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి ఇదే జిల్లాలో జరిగిన ఘటన చాలు. 2024 జూన్‌లో కొల్లాపూర్ మండలం మొలచింతలపల్లిలో ఒక చెంచు మహిళను నిర్బంధించి చిత్రహింసలు పెట్టిన వైనం వెలుగుచూసి రాష్ట్రమంతటా కలకలం రేగింది. ఆ కుటుంబం తమ భూమిని నిందితుల్లో ఒకరికి కౌలుకిచ్చి, అదే భూమిలో కూలి పనికి వెళ్లేదని నాటి కథనాలు వెల్లడించాయి. నిందితులు అరెస్టయ్యారు, మంత్రులు ఆసుపత్రికి వెళ్లి పరామర్శించారు. సొంత చేనులో కూలీగా మారడమన్న మొదటి మెట్టు దగ్గరే ఎవరైనా ప్రశ్నించి ఉంటే అన్న ఆలోచన అప్పట్లో అంతగా వినిపించలేదు. కౌలు రూపంలో గిరిజనుల భూమి ఇతరుల చేతుల్లోకి ఎంత వెళ్లిందన్న లెక్క తీస్తే తప్ప ఆ ప్రశ్నకు జవాబు దొరకదు.

అడవి అంచున మరో ఆట

అడవిని ఆనుకున్న సాగు విషయంలో ఆక్రమణదారు అన్న మాటకు అర్థం తిరగబడుతుంది. అటవీశాఖ దృష్టిలో పోడు చేసే గిరిజనుడే ఆక్రమణదారు. ఈ చారిత్రక అన్యాయాన్ని సరిదిద్దుతామంటూ పార్లమెంటు 2006లో అటవీ హక్కుల చట్టం తెచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజన కుటుంబానికి పది ఎకరాలకు మించకుండా హక్కు పత్రం ఇవ్వాలి. భార్యాభర్తలిద్దరి పేర్లూ అందులో ఉండాలి. వారసత్వంగా సంక్రమిస్తుంది కానీ అమ్మడానికి వీల్లేదు. దరఖాస్తు పరిశీలన పూర్తయ్యే వరకు ఖాళీ చేయించరాదు. గ్రామసభే దీనికి తొలి వేదిక. ఈ చట్టానికీ షెడ్యూల్డ్ ప్రాంతమన్న పరిమితి లేదు.

అమలు సాగిన తీరు అందరూ చూసిందే. తిరస్కరణకు గురైన వారిని ఖాళీ చేయించాలని 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఆదేశించడం, దేశవ్యాప్త ఆందోళన నడుమ అదే నెల 28న ఆ ఆదేశాన్ని నిలిపివేయడం తెలిసిందే. తెలంగాణలో 2023 జూన్ 30న పోడు పట్టాల పంపిణీ మొదలై సుమారు లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలపై హక్కు పత్రాలు అందాయి. 2025 మే 19న ఇదే జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో ముఖ్యమంత్రి ఇందిర సౌర గిరి జల వికాసాన్ని ప్రారంభించారు. అటవీ హక్కు పత్రాలున్న 6 లక్షల ఎకరాలకు సౌర పంపుసెట్లతో నీరందించడం ఆ పథకం లక్ష్యం, అంచనా వ్యయం 12,600 కోట్ల రూపాయలు.

పథకం మంచిదే. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. నీరు లేనప్పుడు ఎవరికీ అక్కరలేని పోడు చేను బోరు పడగానే అందరికీ కావాల్సిందవుతుంది. అసైన్డ్ భూముల్లో బోర్లు వేసి, తోటలు పెంచిన ప్రభుత్వ పథకాల తర్వాత భూమి ఎవరి చేతిలో మిగిలిందన్న పరిశీలన జరగకుండా, అదే దారిలో మరో అడుగు వేయడం విజ్ఞత అనిపించుకోదు. కనీసం పంపుసెట్టు బిగించే రోజున చేనులో ఎవరున్నారో ఫొటోతో సహా నమోదు చేసి, ఏటా సరిచూసుకుంటే కొంత నయం.

చెంచుల విషయంలో మరో సంగతి. 1970ల మధ్యలో వారిని ఆదిమ తెగగా గుర్తించి ప్రత్యేక అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేశారు. అటవీ హక్కుల చట్టం ఆదిమ తెగలకు వ్యక్తిగత సాగు హక్కుతో పాటు ఆవాస ప్రాంతంపై ఉమ్మడి హక్కును కూడా గుర్తించింది. వారు తిరిగే అడవి ఇప్పుడు 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఒకవైపు పులి, మరోవైపు 2019లో శాసనసభ తీర్మానం చేసేదాకా వణికించిన యురేనియం తవ్వకాల భయం, ఇంకోవైపు స్వచ్ఛంద తరలింపు ప్యాకేజీలు. కొండ దిగి మైదానానికి వచ్చే చెంచు కుటుంబానికి అక్కడ ఎదురయ్యేది ఉప్పునుంతల తండాల అనుభవమే. కొండమీద ఉన్న గొడుగు కింద వరకు వెంట రాదు.

భూ భారతి ఏం చేస్తుంది?

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూ భారతి చట్టం అమలులోకి వచ్చింది. తహసీల్దారు, ఆర్డీవో స్థాయి నిర్ణయాలపై అప్పీలు చేసుకునే అవకాశం తిరిగి వచ్చింది. జూన్ 3 నుంచి 20 వరకు ఊరూరా రెవెన్యూ సదస్సులు నిర్వహించారు. గ్రామ పాలన అధికారుల నియామకం కూడా 2025లోనే జరిగింది. ఊళ్లో మళ్లీ ఒక రెవెన్యూ మనిషి కనిపిస్తున్నాడు.

సదస్సులకు వచ్చే దరఖాస్తుల్లో రికార్డుల్లో పేరు తప్పు, విస్తీర్ణం తేడా, వారసత్వ మార్పిడి వంటివే ఎక్కువగా ఉంటాయి. పట్టాదారు పేరు సరిగా ఉండి భూమి మాత్రం చేతిలో లేని వ్యక్తికి ఆ దరఖాస్తు ఫారంలో సరైన చోటు దొరకదు. అతను సర్వే కోసం మీసేవలో చలానా కట్టి ఎఫ్-లైన్ పిటిషన్ పెట్టుకోవాలి. సర్వేయరు వస్తాడు, టిప్పన్ చూసి గొలుసు పెడతాడు, హద్దులు చూపుతాడు, పంచనామా రాస్తాడు, వెళ్లిపోతాడు. మర్నాడు పొద్దున హద్దురాళ్లు ఉండవు. స్వాధీనం ఇప్పించే అధికారం సర్వేయరుకు లేదు. అధికారమున్న తహసీల్దారు దగ్గర 1977 చట్టం కింద ఆ దరఖాస్తు లేదు. ఈ రెండు బల్లల మధ్య దూరం పది అడుగులే అయినా ఏళ్ల తరబడి దాటలేకపోతున్నది ఆ పది అడుగులనే.

నిజానికి పట్టాదారు దరఖాస్తు పెట్టేదాకా ఆగాల్సిన అవసరం కూడా లేదు. అసైన్డ్ భూమి చేతులు మారిందని తెలిస్తే అధికారి తనంత తానుగా చర్య తీసుకోవచ్చు. 2004లో నియమించిన కోనేరు రంగారావు కమిటీ పేదల భూములపై లోతుగా పరిశీలన జరిపి 104 సిఫారసులు చేసింది. అన్యాక్రాంతమైన పేదల, గిరిజనుల భూములను గుర్తించి తిరిగి అప్పగించాలన్నది వాటిలో ముఖ్యమైనది. నాటి ప్రభుత్వం చాలా వాటిని ఆమోదించింది. రాష్ట్రం రెండుగా మారింది, జిల్లా పేరు మారింది, పోర్టల్ పేరు రెండుసార్లు మారింది. తండాకు వెళ్లి, అసైన్‌మెంట్ రిజిస్టరు తెరిచి, ఒక్కో సర్వే నంబరు చదువుతూ ఈ చేను ఎవరు దున్నుతున్నారు అని అడగడం అన్న పని మాత్రం అలాగే మిగిలింది.

ఇది ఒక్క ఉప్పునుంతల గోడు మాత్రమే కాదన్నది నిజం. ఆదివాసుల సంప్రదాయ భూములపై వారి యాజమాన్యాన్ని గుర్తించాలన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ 107వ ఒప్పందాన్ని భారతదేశం 1958లోనే అంగీకరించింది. 2007లో ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల ప్రకటనకు అనుకూలంగా ఓటు వేసింది. జెనీవాలో, న్యూయార్క్‌లో చేసిన సంతకాల జాడ మండల కార్యాలయం రిజిస్టర్లలో వెతకడం అత్యాశే కావచ్చు. 1977 నాటి సొంత రాష్ట్ర చట్టం జాడైనా వెతకవచ్చు కదా.

వానాకాలం సాగుకు ముందు, అంటే దుక్కులు మొదలుకాక మునుపే నోటీసులు ఇస్తే చేను ఖాళీగా ఉంటుంది. పంట నిలబడ్డాక ఇస్తే కోత దాకా గడువు కావాలని అవతలి పక్షం కోరుతుంది, ఆ తర్వాత యాసంగి వస్తుంది. ఇలాంటి దస్త్రాల్లో ఏళ్లు గడిచిపోయేది ఇలాగే. చేతిలో పట్టా కాగితం లేకపోయినా ఫరవాలేదు. సర్వే నంబరు చెప్పి అసైన్‌మెంట్ ప్రొసీడింగ్స్ నకలును, పాత పహాణీ నకళ్లను తహసీల్దారు కార్యాలయం నుంచి అడిగి తీసుకోవచ్చు, ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. సోమవారం ప్రజావాణిలో ఇచ్చే దరఖాస్తుపై 1977 చట్టం నాలుగో సెక్షన్ అని స్పష్టంగా రాసి రసీదు తీసుకోవాలి. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987 ప్రకారం షెడ్యూల్డ్ తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని నియమిస్తారు. కోర్టులోనే కాదు, తహసీల్దారు ఎదుట జరిగే విచారణకూ ఆ సహాయం కోరవచ్చు.